ఆకుకమ్మనుండి పసిడికమ్మదాక: మన పండుగ యలంకారముల పూర్వకథ



నేడు నేను ముచ్చటింపదలచిన విషయము చూపునకు చిన్నది. పండుగనాడు మన యిండ్లలో ఆకులతోను, పూవులతోను, పిండితోను, మట్టితోను ఆడువారును పిల్లలును స్వహస్తములతో జేసెడి అలంకారములను గూర్చియు, అట్లే చేసికొని మేన దాల్చెడి సొమ్ములను గూర్చియు నాలుగు మాటలు చెప్పెదను. రాజుల యుద్ధములు, కోటల ముట్టడులు చరిత్ర యనిపించుకొనును గాని, గడపకు గట్టిన మామిడాకునకును, చెవిలో దూర్చిన తాటియాకు చుట్టకును చరిత్ర యేమున్నదని కొంద రనుకొందురు. ఉన్నది. అది రాజవంశముల చరిత్రకంటె దీర్ఘమైనది. శాతవాహనులు పోయిరి, కాకతీయులు పోయిరి, మామిడితోరణము మాత్రము నేటికిని మన ద్వారమున నిలిచి యున్నది. కాని పెక్కు ఇండ్లలో ఇప్పు డది ప్లాస్టికు తోరణమై యున్నది. నా ప్రసంగమునకు గారణ మిదియే.

మొదట నొక ప్రశ్న వేసికొందము. బంగారునగ ముందా, ఆకునగ ముందా? కలవారు బంగారము పెట్టుకొందురు, లేనివారు దానికి బదులుగా ఆకో పూవో పెట్టుకొందురు. కావున ఆకునగ బంగారునగకు అనుకరణ మని సామాన్యముగా మన మనుకొందుము. మాటల పుట్టుక విచారించినచో ఈ యభిప్రాయము తలక్రిందు లగును.

తెలుగున కమ్మ యను మాట కలదు. కమ్మ యనగా తాటియాకు. ఆ యాకుమీద గంటముతో వ్రాసి పంపిన జాబును గూడ కమ్మయే. చెవికి బెట్టుకొను సొమ్మును గూడ కమ్మయే. ఒక్క మాటకు ఈ మూడర్థము లెట్లు వచ్చినవి? మూడింటికిని తాటియాకే మూలము గనుక వచ్చినవి. సంస్కృతమునను ఇట్లే. అమరకోశము చదివినవా రెల్లరు నెరుగుదురు, అమరసింహుడు చెవిసొమ్మునకు తాలపత్ర మను పేరు నిచ్చినాడు. తాటంక మన్నను ఆ సొమ్మే. అదే ఆకారమున నేనుగుదంతముతో జేసినప్పుడు దానిని దంతపత్ర మనిరి, అనగా దంతపుటాకు. దంతము వచ్చినను, పసిడి వచ్చినను, రవ్వలు వచ్చినను, ఆకు పేరు మాత్రము పోలేదు. కొడుకునకు తండ్రి పేరు నిలిచినట్లు, బంగారునగకు ఆకు పేరు నిలిచినది. దీనినిబట్టి యెవరు తండ్రియో, యెవరు కొడుకో మీరే నిర్ణయింపుడు.

ఆ యాకుకమ్మను జేయు విధము మిక్కిలి సులువైనది. లేత తాటియాకును నీడ నారనిచ్చి, వ్రేలెడు వెడల్పున జీల్చి, గట్టిగా జుట్టజుట్టి చెవితూటులో దూర్చెదరు. చుట్ట తన స్వభావముచేత విప్పుకొనజూచును. ఆ విప్పుకొను బలమే చెవితమ్మె నంటిపట్టి సొమ్మును జారనీయకుండును. మరయు నక్కరలేదు, శీలయు నక్కరలేదు. పసుపునీటిలో ముంచిన పచ్చని కమ్మ యగును. లత్తుక పూసిన నెఱ్ఱని కమ్మ యగును. వాడినపిమ్మట దీసివైచి మఱియొకటి చుట్టుకొనవచ్చును. ఇంత చులకనైన వస్తువునకు మన పెద్దలు ఇచ్చిన గౌరవ మెట్టిదో చూడుడు. విషము మ్రింగియు శివుడు జీవించి యుండుట అమ్మవారి తాటంకముల మహిమయే యని సౌందర్యలహరిలో నొక శ్లోకము చెప్పుచున్నది. ముత్తైదువతనమునకు గుఱుతుగా నంతటి మాట చెప్పబడిన సొమ్ము, మొదట తాటిచెట్టునుండి దిగివచ్చిన ఆకు.

కమ్మ యొక్కటియే కాదు. మన యవ్వల పెట్టెలలోని నగల పేర్లను దలచుకొనుడు. మొగలిరేకు, చేమంతిపువ్వు, మామిడిపిందెల పేరు, మల్లెమొగ్గల పేరు. ఇవన్నియు తోటలోని పేర్లే. కంసాలి తన కొలిమిలో నుండి వీనిని బుట్టింపలేదు. ఆడువారు జడలో దుఱుముకొన్న మొగలిరేకును జూచి పసిడిరేకు దీర్చినాడు. సిగలోని చేమంతిని జూచి రాళ్ల చేమంతి దీర్చినాడు. ముందు నడచినది ఇంటియాడుది. వెనుక నడచినవాడు స్వర్ణకారుడు.

ఈ విద్య మన పూర్వులయొద్ద అనాదరముగా నుండెనా? లేదు. దాదాపు 1600 ఏండ్లకు బూర్వమే వాత్స్యాయనుడు చతుష్షష్టికళలను, అనగా అరువదినాలుగు విద్యలను, పేర్కొన్నాడు. వానిలో సంగీతమును, నృత్యమును, చిత్రలేఖనమును ఉన్నవి. వాని సరసనే మనము నేడు ఇంటిపని యని త్రోసివేయు విద్యలును ఉన్నవి. బియ్యముతోను పూవులతోను నేలమీద ముగ్గులు దీర్చుట యొక కళ. రకరకములుగా మాలలు గూర్చుట యొక కళ. శిరస్సున దాల్చు పూవులను గట్టుట యొక కళ. నుదుట బెట్టుకొను తిలకమునకు ఆకును వివిధాకారములుగా గత్తిరించుట యొక కళ. చెవులకు గర్ణపత్రములు చేయుట యొక కళ. నేడు అంగడిలో అట్టకు అంటించి యమ్ము బొట్టుబిళ్లకు తాతముత్తాత యెవరని యడిగినచో, ఆ కత్తిరించిన ఆకే యని చెప్పవచ్చును. మన యిండ్లలో సగ్గుబియ్యము మాడ్చి చాదు చేసి, కొబ్బరిచిప్పలో నుంచుకొని, పుల్లతో బొట్టు దీర్చుకొన్న కాలమును జూచినవారు మీలో నెందఱో యున్నారు. వారు తమకు దెలియకయే ఆ ప్రాచీనవిద్యను నిలిపినవారు.

ఇక ముగ్గు. దీనికి ప్రాచీనరూపము మ్రుగ్గు. కల్యాణి చాళుక్యరాజైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసములో చిత్రములను విభజించుచు, పొడితో వేయు చిత్రమునకు ధూళిచిత్ర మని పేరు పెట్టి ప్రత్యేకస్థాన మిచ్చినాడు. గోడమీది చిత్రమును, పలకమీది చిత్రమును వర్ణించిన పుస్తకముననే వాకిటి పొడిచిత్రమునకును చోటు దొరకినది. రాజు వ్రాసిన గ్రంథమున ముగ్గు నెక్కించుటకు గారణము, అది సుందరమైన దనుట యొక్కటియే కాదు. అది శాస్త్రమునకు లొంగిన విద్య యనుట. చుక్కలు లెక్కపెట్టి, వరుస తప్పక, చేయి యెత్తక గీత నడిపించుట లెక్కలు నేర్చిన బుద్ధికి గూడ పరీక్షయే.

తోరణ మను మాటకును ఇట్టి కథయే కలదు. గుమ్మమునకు గట్టిన ఆకులదండయు తోరణమే. ఓరుగల్లు కోటలో నాలుగు దిక్కుల నిలిచిన రాతి ద్వారములును తోరణములే. ఆ కాకతీయ తోరణములను దగ్గరకు బోయి చూచినవా రెఱుగుదురు: రాతిమీద వ్రేలాడు పూలదండలును, తామరమొగ్గలును చెక్కబడి యున్నవి. శిల్పి యెంత గొప్పవాడైనను, ద్వారము మంగళకరముగా గనబడవలెనన్న, ఇల్లాలు గట్టిన దండనే రాతిలో దించవలసి వచ్చినది. అంతకు వేయియేండ్లకు ముందటి అమరావతి స్తూపమునను ఇదియే చూతుము. ఆ స్తూపపు ప్రాకారముపై అంచున, లావైన పూలదండను భుజములపై మోయుచు నడచు మనుష్యుల వరుస చెక్కబడినది. అందలి ఫలకములు కొన్ని నేడు చెన్నపట్టణపు ప్రదర్శనశాలలోను, కొన్ని లండనులోని బ్రిటిషు మ్యూజియములోను ఉన్నవి. పండుగనాడు స్తూపమునకు దండ వేయుట వాడుక గనుకనే, ఎన్నటికిని వాడని దండను రాతితో జేసి పెట్టినారు.

కావ్యములలోనికి వత్తము. కాళిదాసు మేఘసందేశమున అలకానగరము గలదు. అది యెవరి నగరము? నవనిధుల కధిపతియైన కుబేరునిది. అచ్చటి స్త్రీలకు బంగారమునకు గొఱత యేమి? అయినను కవి వారి చేతికి దామర నిచ్చినాడు. ముంగురులలో మొల్లల నుంచినాడు. ముఖమునకు లోధ్రపుష్పముల పుప్పొడి యలదినాడు. సిగలో గురవకమును, చెవిని దిరిసెనపువ్వును, పాపటను గడిమిపువ్వును పెట్టినాడు. శరత్తు మొదలు వర్షర్తువు దాక ఆఱు ఋతువులును ఆ యలంకారములో వచ్చినవి. కుమారసంభవమున పార్వతి శివుని సన్నిధికి బోవునప్పుడు వసంతపుష్పములే యాభరణములు. కెంపులచోట అశోకము, బంగారముచోట కర్ణికారము, ముత్యాలచోట వావిలిపూవులు. హిమవంతుని కూతునకు, రత్నాకరమైన పర్వతపు బిడ్డకు, పూలనగలు పెట్టుట దారిద్ర్యముచేత గాదు గదా! ఈ కావ్యములకు వ్యాఖ్య వ్రాసి లోకమున కందించిన కోలాచలం మల్లినాథసూరి మన మెదకు సీమవాడని ప్రసిద్ధి.

శాకుంతలమున నాలుగవ యంకము మనకు మఱింత యుపకరించును. శకుంతల యత్తవారింటికి బోవుచున్నది. చెలికత్తె యైన అనసూయ ఆ దినమున కని ముందే పొగడపూల దండ గూర్చి, కొబ్బరిచిప్ప బరిణెలో బెట్టి, మామిడికొమ్మకు వ్రేలాడగట్టి దాచియుంచినది. గోరోచనము, పుణ్యతీర్థపు మట్టి, గఱికపోచలు తెచ్చి మంగళద్రవ్యములు సిద్ధపఱచినది. పిమ్మట వనదేవతలవలన నగలు లభింపగా, ఆ చెలికత్తెలు వానిని బెట్టుట యెట్లని సందేహించి, మే మెన్నడును నగ లెఱుగము, చిత్రములలో జూచిన పరిచయముచేత నీకు బెట్టెదము అన్న భావము బలుకుదురు. గమనించితిరా? తాము చేయగలిగిన పూలదండకు వారికి సందేహము లేదు. దానిని వాడకుండ దాచు నేర్పును గలదు. తెలియని దానిని బొమ్మలో జూచి నేర్చుకొన్నారు. నేటి పిల్లలు చేతిలోని యంత్రపు తెరమీద బొమ్మలను జూచి కాగితపు పూవులను, పూసలదండలను జేయుచుండగా కొందఱు పెద్దలు విసుగుకొందురు. బొమ్మ జూచి యలంకారము నేర్చుట దోషము కాదు. కాళిదాసు నాటికే అది యున్నది. మన పిల్లలకు బొమ్మ యున్నది. కొబ్బరిచిప్పలో దండ దాచి చూపు అనసూయ లేదు. కొఱత యచ్చట నున్నది.

రాజుల కావ్యములు చాలును. పల్లెటూరి మాట యేమందురా? శాతవాహనప్రభు వైన హాలుడు సంకలించిన గాథాసప్తశతి ప్రాకృతభాషలోని పల్లెల కావ్యము. అందొక గాథలో వేటకాని చిన్నభార్య కనబడును. సవతులందఱు ఏనుగుకుంభములలోని ముత్యాలసొమ్ములు పెట్టుకొని యున్నారు. ఈమె చెవిని నొక నెమలియీక మాత్రమే దుఱుముకొన్నది. అయినను వారి నడుమ గర్వముగా దిరుగుచున్నది. దీనికి వ్యాఖ్యాతలు చెప్పు భావ మిది: మగడు పూర్వము ఏనుగుల వేటకు బోయి సవతులకు ముత్యాలు దెచ్చినాడు, ఈమెయందలి ప్రేమచేత ఇప్పుడు దూరపువేట మాని, ఇంటిదాపున నెమలిని మాత్రమే కొట్టగలుగుచున్నాడు. నగ విలువ తూకములో లేదు, దాని వెనుకనున్న మనస్సులో నున్నదని రెండువేల యేండ్ల క్రిందటి దక్కను పల్లెవా రెఱుగుదురు. తులములు లెక్కపెట్టి కోడలిని గౌరవించు నేటి మనము ఈ గాథను నాలుగుమాఱులు చదువుకొనవలెను.

అయితే ఆకే యెల్లప్పుడును ముందు, బంగారమే యెల్లప్పుడును వెనుక యని నేను చెప్పలేదు. తిరిగి పసిడిని జూచి మట్టి నడచిన సందర్భములును గలవు. మెదకు ప్రాంతమున, నేటి సంగారెడ్డి జిల్లాలో, కొండాపుర మను గ్రామము గలదు. అది శాతవాహనుల నాటి పట్టణము. అచ్చట ద్రవ్వకములలో పలురకముల పూసలతోపాటు, రోమక చక్రవర్తుల నాణెముల పోలికగా మట్టితో నచ్చొత్తి, దారమునకు గ్రుచ్చుట కనువుగా జేసిన బిళ్లలు దొరకినవి. ఆ కాలమున రోమునుండి బంగారునాణెములు మనదేశమునకు వర్తకముమీద వచ్చెడివి. కలవారు వానికి దొలిచేసి మెడలో వేసికొనిరి. అట్టి తొలుగల నాణెములును మనదేశమున దొరకినవి. అంత స్తోమతు లేనివారు మట్టిబిళ్లలు గ్రుచ్చుకొని ముచ్చట దీర్చుకొనిరి. మన కాసులపేరునకు ఇది యెంత దగ్గఱగా నున్నదో చెప్పనక్కరలేదు. సొగసుకోరుట ధనికుల సొత్తు కాదని ఈ మట్టిబిళ్ల సాక్ష్యము చెప్పుచున్నది. అప్పు చేసి బంగారునాణెము కొనుటకంటె, చేతితో మట్టినాణెము నొత్తుకొనుట వివేక మని గూడ నది చెప్పుచున్నది.

గింజలనగల మాటయు నొకటి చెప్పవలెను. ఇందొక జాగ్రత్త గలదు. గురివిందగింజ ఎఱుపు నలుపులతో మిక్కిలి ముద్దుగా నుండును. బాలకృష్ణుడు గుంజాహారము దాల్చె నని పురాణప్రసిద్ధి. కంసాలి త్రాసులో బంగారమునకు దూనికరాయియు నిదియే. 96 గురివిందల యెత్తు ఒక తులము. గింజ కించుమించుగా గ్రాములో ఎనిమిదవ వంతు. కాని ఆ గింజలో గొప్ప విషము గలదు. గట్టి పై పెంకు చెడకుండ నున్నంతవఱకు అపాయము తక్కువ. నమిలినను, సూదితో దొలిచినను లోపలి విషము బయటపడును. కాబట్టి పసిపిల్లల చేతికి గురివిందల దండ యియ్యరాదు, వారిచేత గ్రుచ్చింపనురాదు. దండకు నిరపాయమైనవి వేఱుగ నున్నవి: తులసిపూసలు, తామరగింజలు, రుద్రాక్షలు, కుంకుడుగింజలు, గవ్వలు. కుంకుడుగింజ నల్లగా నునుపుగా నుండి, తొలిచి గ్రుచ్చినచో రాతిపూసవలె మెఱయును. లంబాడీ స్త్రీలు గవ్వలను, అద్దపుబిళ్లలను గుడ్డమీద గుట్టి చేసికొను సొమ్ములు మన కన్నులయెదుటనే యున్నవి.

ఇట్లు సొమ్ములు చెప్పితిని. ఇంటి యలంకారములను సంవత్సరక్రమమున నొకమాఱు తలచుకొందము. ఉగాదికి మామిడాకు. ఎందుకు మామిడాకే? అది దళముగా నుండి త్వరగా వాడదు; ఒక్కొక్క యాకును మడిచి ఈనెపుల్లతో గ్రుచ్చి పురికొసకు గూర్చినచో రెండుమూడు దినములు రూపు చెడక యుండును. వినాయకచవితికి పాలవెల్లి. నాలుగు కఱ్ఱలతో జట్రము గట్టి, దేవునిపై వ్రేలాడదీసి, దానికి వెలగకాయ, మొక్కజొన్నకంకి, జామకాయ, సీతాఫలము, ఆ ఋతువున నేది పండిన నది కట్టుదురు. ఊరి పొలమంతయు దేవుని నెత్తిన మేలుకట్టుగా నిలుచును. భాద్రపద బహుళ అమావాస్యనుండి తొమ్మిదిదినములు తెలంగాణమున బతుకమ్మ. పళ్లెరములో గుమ్మడాకు పఱచి, తంగేడును, గునుగును, బంతిని వలయములుగా బేర్చి, నడిమి ఖాళీని ఆకుతునుకలతో నింపుచు గోపురమువలె బైకి దెచ్చి, శిఖరమున పసుపుగౌరమ్మ నుంచెదరు. 2014 లో తెలంగాణ రాష్ట్ర మేర్పడినపిమ్మట దీనిని రాష్ట్రపు పండుగగా గైకొన్నారు. తంగేడును గునుగును ఎవరును నాటినవి కావు. చేనిగట్టున దామై పెరుగు పూవులు. అవి లేక ఆ పండుగ లేదు.

సంక్రాంతికి గొబ్బెమ్మలు, వానిపై గుమ్మడిపువ్వు. భోగిమంటకు పిడకలదండ. పిల్లలు ఆవుపేడతో జిన్నచిన్న బిళ్లలు చేసి, నడుమ వ్రేలితో దొలిచేసి, ఎండబెట్టి, దారమునకు గ్రుచ్చి, తమ దండయే పెద్దదని పోటీపడుదురు. ఇదియు హారమే, మెడలో వేయక మంటలో వేయు హారము. డెల్టాసీమలో వరికంకులను అందముగా నల్లి కుచ్చు గట్టి చూరున వ్రేలాడదీయుదురు. చూచుటకు మనకు, తినుటకు పిచ్చుకలకు.

ఈ పట్టిక యంతయు మీరెఱిగినదే. దీనిలో మీరెఱిగియు దలపని ధర్మ మొకటి కలదు. దానిని జెప్పుటకే యింతదూరము వచ్చితిని. మన పండుగ యలంకారము లన్నియు వాడిపోవునట్టివి. ముగ్గును చీమలు తినును. కుచ్చును పిచ్చుకలు తినును. బతుకమ్మ చెఱువులో గలియును. పిడకలదండ బూడిద యగును. తోరణ మెండి యెరువగును. వాడిపోవుట వాని లోపము కాదు. అదియే వాని ప్రాణము. వాడినది గనుక మరుసటి పండుగకు మరల జేయవలెను. మరల జేయవలెను గనుక తల్లి కూతునకు నేర్పవలెను. నేర్పుట యున్నంతకాలము విద్య బ్రతికి యుండును. వాడని తోరణము వచ్చిననాడు నేర్పవలసిన పని పోయినది. పని పోగా విద్యయు బోయినది.

నేటి స్థితి చూడుడు. ముగ్గుపిండి యని సంతలో నమ్మునది చాలవఱకు రాతిపొడి. చీమకు గూడు లేదు. ప్లాస్టికు మామిడాకు లేండ్లతరబడి దుమ్ముపట్టి గుమ్మమున వ్రేలాడును. ఊడినపిమ్మట మురుగుకాలువలో బడి నీటిని నిలుపును. థర్మోకోలు మంటపములు పండుగ మరునాడు చెఱువుగట్టున ముక్కలై, గాలికి గొట్టుకొనిపోయి పొలములలో జేరును. అవి మట్టిలో గలియవు. ఎంగిలి మిగిలిన ప్లాస్టికును పశువులు మ్రింగి చచ్చుట మన మెఱిగినదే. ప్రభుత్వము చూచుచు నూరకుండలేదు. 2020 లో కేంద్ర కాలుష్యనియంత్రణ మండలి నిమజ్జనవిగ్రహములకు ప్లాస్టరు ఆఫ్ పారిస్ వాడరాదని నియమములు చేసినది. 2021 ఆగష్టులో ప్రకటించిన నియమముల ప్రకారము 2022 జూలై 1వ తేదీనుండి, ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టికు వస్తువులు కొన్ని దేశమంతట నిషిద్ధములైనవి. ఆ పట్టికలో అలంకారమునకు వాడు థర్మోకోలును గలదు. చట్టము మంచిదే. కాని చట్టము వలదని మాత్రమే చెప్పగలదు. చేయి పట్టుకొని పాలవెల్లి కట్టుట నేర్పజాలదు. ఆ పని మీది, నాది.

పల్లెలలో పెద్దలకు నేను మనవి చేయున దిది. మొదటిది, మీ యిండ్లలో అరటినారతో దండ గట్టనేర్చిన యవ్వలును, తాటియాకుతో బొమ్మ లల్లనేర్చిన తాతలును ఉన్నచో, పండుగకు రెండుదినములు ముందుగా పిల్లలను వారియొద్ద గూర్చుండబెట్టుడు. చెప్పి నేర్పు విద్య కాదిది. చేతిప్రక్కన చేయి యుంచి నేర్పు విద్య. ఆ చేతులు పోయినపిమ్మట పుస్తకము చదివి దీనిని దెచ్చుకొనుట కష్టము. రెండవది, ఊరి బడిలో సంక్రాంతికి ముగ్గులపోటీ పెట్టినట్లే, తోరణమునకు, దండకు, ఆకునగకు పోటీ పెట్టింపుడు. అందు మగపిల్లలను గూడ జేర్పుడు. అమరావతిలో పూలదండ మోసినవారు పురుషులే. మూడవది, ఊరి చేరువనున్న తంగేడుపొదలను, మొగలితుప్పలను, తాటిచెట్లను గొట్టింపకుడు. చెట్టు పోయిన నగ పోవును.

నాలుగవది చెప్పుట కొంచెము కష్టము, అయినను జెప్పెదను. శుభకార్యములలో ఆడుపిల్ల మెడలోని బంగారమును గన్నులతో దూచుట మనము మానవలెను. ఆ తూకమునకు వెఱచి అప్పులపాలైన తండ్రు లెందఱో మీరు నాకంటె నెక్కువగా నెఱుగుదురు. బంగారము కూడదని నేననను; కష్టకాలమున నది యాడుదానికి ఆధారము. కాని పూలజడతో, ఆకుకమ్మతో వచ్చిన పిల్లను లేనివారి పిల్ల యని చూచు చూపు మన సంప్రదాయము కాదు. కుబేరుని పట్టణమున లేని చూపు, వేటకాని గుడిసెలో లేని చూపు, మన పల్లెలలో నేల? పెద్దలు ఒక్కమాట, ఈ దండ యెవరు గట్టిరమ్మా, చాల బాగున్నది అని యన్నచో, ఆ పిల్ల మరుసటి పండుగకు పదిమందికి నేర్పును.

బంగారము కరగించి మరల బోయవచ్చును. దానికి వేయియేండ్లైనను తొందర లేదు. ఈ యాకువిద్యకు అట్టి వెసులుబాటు లేదు. ఒక్క తరము నేర్పక మానినచో, కమ్మ యను మాట మిగులును గాని, ఆ మాట యెట్లు పుట్టెనో చెప్పువారు మిగులరు. రాబోవు పండుగకు మీ గుమ్మమున పచ్చియాకు తోరణము వ్రేలాడుగాక. దానిని మీ మనుమలు గట్టుదురుగాక. సెలవు. స్వస్తి.